చిన్నల్లుడి బీడు

మా తోడల్లుడు పోయిన కబురు నాకు మందల కాపరి తెచ్చాడు. మొన్న మాఘంలో. పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. నేను సరుగుడు మొక్కలకు కడవతో నీళ్ళు పోస్తున్నాను. కాపరి గట్టు మీదే ఆగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పెద్దల్లుడుగారా, చిన్నల్లుడుగారు లేరు. పొద్దున బీడు దాకా పోయొచ్చినాడంట. మంచం మీద కూర్చోని మజ్జిగడిగినాడంట. లోటా తెచ్చేలోపలే అయిపోయిందంట."

కడవ కింద పెట్టి నడిచాను. నడుస్తుండగా నా మనసులోకి మొదట వచ్చిన మాట చెప్తాను. దాచి రాస్తే ఈ రాత ఎందుకూ పనికిరాదు. "దీంట్లో కూడా వీడే ముందు" అనుకున్నాను. అతనికంటే నేను ఏడేళ్ళు పెద్ద.

ఆ రోజు చాలామంది వచ్చారు. రైలు కట్ట గ్యాంగు వాళ్ళు పలుగులు ఇంటి బయట పెట్టి వచ్చారు. సముద్రం పక్క పల్లెల నుంచి చేపల వాళ్ళు వలలు ఆరేసి వచ్చారు. బోగోలు నుంచి చర్చి పెద్ద ఒకాయన గొడుగు వేసుకుని వచ్చి, ఇంట్లోకి రాకుండా పందిరి కింద చాలాసేపు నిలబడ్డాడు. నేను పోయిననాడు ఇందులో సగం కూడా రారు. పాడె పక్కన నిలబడి నేను చేసుకున్న ఆలోచన ఇది.

మా ఊరి పంతులుగారు నాలుగు మాటలు రాసివ్వమని, పత్రికకు పంపుతానని అన్నారు. "నలభై ఏళ్ళు పక్కపక్కన ఉన్నారు, మీకంటే ఎవరికి తెలుసు" అన్నారు. నేను వీధిబడిలో నాలుగేళ్ళు చదివినవాణ్ణి. నలుగురిలో నోరు విప్పలేను. రాసేటప్పుడైతే ఎవరూ నా ముఖం చూడరు గదా అని ఒప్పుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అతను వదిలిపోయిన బీడు ఏం కావాలన్నది నా మీద పడింది. నేను చేసింది ఎందుకు చేశానో మీకు చెప్తే నాకూ తేలుతుందనిపించింది.

మా మామకు మగపిల్లలు లేరు, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయిని నాకిచ్చి ఇల్లరికం తెచ్చుకున్నాడు. మూడేళ్ళు ఆ ఇంట్లో నేనొక్కణ్ణే అల్లుణ్ణి. మామ నన్ను "అల్లుడుగారూ" అని పిలిచేవాడు. నేను వస్తే భుజం మీది తుండుగుడ్డ తీసి అరుగు దులిపేవాడు. నాకది గొప్పగా ఉండేది. నాలుగో ఏట చిన్నల్లుడు వచ్చాడు. వచ్చిన పదిహేను రోజులకే మామ అతన్ని "ఒరే అబ్బయ్యా, ఆ మోకు ఇట్టా పట్టుకో" అన్నాడు. పాపం మర్యాద దక్కలేదే అని జాలిపడ్డాను. నెల తిరిగేసరికి నా జాలి ఎటు పోవాలో తెలిసింది. ఒకే చుట్టను తుంచుకుని ఇద్దరూ అరుగు మీద కాలుస్తున్నారు. ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నేను వస్తే మామ లేచి నిలబడి చుట్ట వెనక్కి పెట్టుకునేవాడు. మామ పోయేదాకా, ముప్పై ఏళ్ళు, ఆ ఒక్క "ఒరే" కోసం చూశాను. రాలేదు.

మా పల్లె బోగోలుకు తూర్పున ఉంది. పడమట రైలు కట్ట, తూర్పున ఇసక దిబ్బలు, దిబ్బలు దాటితే సముద్రం. పడమటి గుట్టల్లో పుట్టిన వాగు ఒకటి రైలు వంతెన కింద దూరి, మా చేల అంచున పారి, దిబ్బల్లో ఇంకిపోతుంది. ఆ వాగు వారన కలివి పొదలు, ఈత పొదలు, రేగు కంప. నేను కొత్తగా వచ్చినప్పుడు గుట్టల నుంచి దిబ్బల దాకా అంతా అట్లాంటి పొదలే. మధ్య మధ్య చేలు ఉండేవి. ఇప్పుడు అంతా చేలే. పొదల కోసం వెతుక్కోవాలి.

ఆ పొదల వెంట చిరుతపులి నడిచేది. కార్తీకం పోయాక గుట్టలు దిగి దిబ్బల వైపు వచ్చేది. అక్కడ ఈత పొదల్లో పిల్లలు పెట్టేదని చెప్పుకునేవాళ్ళు. ఎండలు ముదురుతుంటే మళ్ళీ పడమటికి ఎక్కేది. మామ, చిన్నల్లుడు దాన్ని పేరు పెట్టి అనేవాళ్ళు కాదు. "ఆయమ్మ" అనేవాళ్ళు. "ఆయమ్మ దిగింది మామా" అని అతను చెప్తే, మామ పొద్దున్నే మొహం కడుక్కుని పడమటి వైపు తిరిగి దణ్ణం పెట్టేవాడు.

ఇద్దరూ దాన్ని చూశారు. అతనైతే ఎన్నిసార్లు చూశాడో. "పడుకోనుంటది మామా, ఒళ్ళంతా రాయి మాదిరుంటది. తోక కొస ఒక్కటే కదిలిస్తది, ఎవురినో పిలిచినట్టు" అని చెప్తుంటే నేను గోడ ఇవతల కూర్చుని విన్నాను. నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఇదే నేలలో నలభై ఏళ్ళు నడిచాను, దాని అడుగు కూడా చూడలేదు. నా భార్య చూసింది. మా మరదలు రెండుసార్లు చూసింది. గడ్డి కోసే ఆడవాళ్ళు చూశారు.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడు మామ మంచాన పడ్డాడు. పొలం పంచడానికి మమ్మల్నిద్దర్నీ పిలిపించాడు.

"అల్లుడుగారూ, మీరు పెద్దోరు. మీరే ముందు కోరుకోండి" అన్నాడు.

నేను బావి ఉన్న చెక్క కోరుకున్నాను. మంచి నేల. అతనికి వాగు పక్క చెక్క మిగిలింది. అందులో మూడో వంతు పొదలే. అతని ముఖం చిన్నబోతుందని చూశాను.

"ఒరే, ఆ కంపంతా ఏం చేస్తావురా?" అని మామ అడిగాడు.

"ఏం చేస్తాను మామా, ఉండనిస్తా."

"కొట్టి దున్నవా?"

"దున్నితే ఆయమ్మ యాడ నడస్తది?"

మామ పళ్ళు లేని నోటితో నవ్వాడు. చెయ్యి చాపి అతని మోకాలు తట్టాడు. నా వైపు చెయ్యి రాలేదు. నేను కొంచెం దూరంగా కూర్చున్నాను, అది కూడా నిజమే. నాకు బావి దక్కింది, వాడికి మామ దక్కాడు అనుకుంటూ ఇంటికి వచ్చాను.

అతని మాటలు కొన్ని నాకు బాగా గుర్తున్నాయి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, కాని మాట్లాడితే అవతలి మనిషి మాట్లాడాలనుకునేట్టు మాట్లాడేవాడు. నాకు ఆ విద్య లేదు. రైలు గేటు దగ్గర బండి ఆగినప్పుడు నేను విసుక్కుంటుంటే, "పోనీలే అన్నా, ముందు దాన్ని పోనీ" అనేవాడు. గొర్రెల మంద అడ్డం వచ్చినా అదే మాట. కొట్టు దగ్గర ఎవరైనా మధ్యలో దూరినా అదే. వేరుశనక్కాయలు ఒలిచేటప్పుడు పప్పులు తాను తినడు, పక్కన ఎవరుంటే వాళ్ళ చేతిలో పోస్తాడు. ఒకసారి నా చేతిలో పోశాడు. నేను తినకుండా ఇంటికి తీసుకుపోయి గాటిలో వేశాను. ఎద్దు తినింది.

ఎద్దుల సంగతి చెప్పాలి. రోజూ పొద్దున, కోళ్ళు దిగే వేళకు, అతను తన ఎద్దుల జతను బండిదారి మీద నడిపించేవాడు. వాగు వార పొదలు బండిదారిని దాటే చోట ఇసక ఉంటుంది. అక్కడ అటూ ఇటూ నాలుగైదుసార్లు తిప్పేవాడు. బండి లేదు, కాడి లేదు, ఊరికే నడక. నా ఇంటి గుమ్మంలోంచి కనిపిస్తుంది. మంచి జత, తెల్లనివి, కొమ్ములకు నూనె. నాకు చూపించడానికే తిప్పుతున్నాడనుకున్నాను. ఇంకేమనుకోవాలి? నాకూ జత ఉంది, తీసిపోయింది కాదు. మరుసటి వారం నుంచి నేను కూడా నా ఎద్దుల్ని తోలుకుపోయి అదే ఇసకలో తిప్పాను. అతను దిబ్బ వైపు నుంచి వస్తే నేను రైలు కట్ట వైపు నుంచి. ఎదురుపడితే నవ్వేవాడు.

"ఏమన్నా, నువ్వు గూడానా?"

"ఎద్దులకు నడకుండాల గదా" అన్నాను.

"ఉండాల, ఉండాల" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎనిమిదేళ్ళు ఆ పని మానలేదు. జ్వరం వచ్చినా కంబళి కప్పుకుని తోలుకుపోయాను.

ఈ పదేళ్ళలో చుట్టుపక్కల పొదలన్నీ పోయాయి. సరుగుడు వేస్తే కట్టె మద్రాసుకు పోతుంది. జీడిమామిడి వేస్తే గింజ పోతుంది. అందరూ కంప కొట్టారు, నేనూ కొట్టాను. నా చెక్కలో ఒక పక్క గట్టు దాకా సరుగుడు పెట్టి ముళ్ళకంచె వేశాను. ఎవరి తప్పూ లేదు, బతకాలి గదా. చివరకు రైలు వంతెన నుంచి దిబ్బల దాకా మిగిలింది చిన్నల్లుడి బీడు ఒక్కటే. దాని వెడల్పు ఒక రాయి విసిరితే దాటుతుంది. అది కూడా పోతే ఆ జంతువు దిబ్బల్లో ఉంటే దిబ్బల్లోనే, గుట్టల్లో ఉంటే గుట్టల్లోనే. అతను ఒక్కసారే ఆ సంగతి నాతో అన్నాడు, నేను కంచె వేయిస్తున్ననాడు. "నేలంతా మనమే తొక్కాలా అన్నా? దానికి ఇంకో దోవ లేదు. ఇది మూస్తే దిబ్బల్లో ఆకలికి ఊర్లో పడతది. ఊర్లో పడితే జనం చంపతారు. ఆయమ్మ తిరిగినన్నాళ్ళే పందులు మన చెనిక్కాయల జోలికి రాకుండా ఉండేది." నేను "ఊఁ" అన్నాను.

ఊళ్ళో వాళ్ళు దాన్ని చిన్నల్లుడి బీడు అనేవాళ్ళు. నా చెక్కకు పేరు లేదు. పెళ్ళిళ్ళకు పిలవడానికి వచ్చినవాళ్ళు ముందు ఆ ఇంటికి పోయి తర్వాత నా ఇంటికి వచ్చేవాళ్ళు. నా భార్య ఒకనాడు అన్నం పెడుతూ, "మరిది మాదిరి నిదానం అందరికీ రాదు" అంది. ఆ మాట చాలాకాలం నమిలాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. నాలుగేళ్ళయింది.

మా వైపు పంట తీసిన చేలో గొర్రెల మంద కట్టిస్తారు. రాత్రిళ్ళు మందను చేలో తడకల మధ్య నిలిపితే ఆ పెంటే ఎరువు. రోజుకింత తడకలు జరుపుతూ చేనంతా తిప్పుతారు. సరుగుడు లేని పక్క నా చేలో కట్టేటప్పుడు కాపరి గట్టుకు నలభై అడుగులు ఇవతలే ఆపేవాడు. చిన్నల్లుడు అతనికి ఎప్పుడో చెప్పి పెట్టాడు. గట్టు అవతలే దాని దోవ. దాని నోటి ముందు గొర్రెను పెట్టగూడదు గదా.

ఆ ఏడు నేను కాపరితో, "ఈ సారి గట్టుకు ఆనించి కట్టు" అన్నాను.

"గట్టుకా సామీ?"

"ఆడ నేల సన్నగిల్లింది."

కాపరి నా వైపు చూశాడు. "చిన్నల్లుడుగారికి చెప్పినారా?"

"నా చేను. ఆయనకెందుకు చెప్పాల?"

నేల సన్నగిల్లలేదు. పులి ఒక గొర్రెను పడితే కాపర్లు గోల చేస్తారు, ఊరు ఎదురు తిరుగుతుంది, తుపాకీ వస్తుంది, బీడు పోతుంది. బీడు పోతే అతను కూడా నా మాదిరి ఒక అల్లుడే. నేను కోరింది అది.

రెండు రాత్రులు ఏమీ కాలేదు. మూడో తెల్లారి ఒక గొర్రెపిల్ల లేదు. నేను ఉతికిన చొక్కా వేసుకుని, బోగోలు దాకా నడిచి, బస్సెక్కి కావలి పోయాను. అక్కడ తుపాకీ ఉన్న ఒక కామందు ఉన్నాడు. ముక్కూ ముఖం తెలియని వాళ్ళ తలుపు నేను తట్టింది జీవితంలో అదొక్కసారే. సిగ్గు కంటే అసూయకు బలం ఎక్కువని ఆ గుమ్మంలో తెలిసింది.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. కామందు, ఇంకో ఇద్దరు. ఊరు మూగింది.

"గొర్రెపిల్ల ఏమైందిరా?" అని కాపరిని అడిగాడు.

"నక్కలెత్తకపోయుంటాయి దొరా."

"ఈ పెద్దాయన పులంటాడే."

కాపరి తలగుడ్డ సర్దుకున్నాడు. "పెద్దోళ్ళు. ఏమో దొరా."

"ఎవురైనా చూసినారా?" అని అందర్నీ అడిగాడు. గడ్డి కోసే ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేదన్నారు. ఆ ముందు వారమే చూశామని బావి దగ్గర చెప్పుకున్నవాళ్ళు వాళ్ళే. నా భార్య కూడా అక్కడే ఉంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరే పెద్దాయనా, అడుగులన్నా చూపించు."

బండిదారికి తీసుకుపోయాను. పొదలు దారిని దాటే ఇసకలో వెతికాను. అంతా ఎద్దుల గిట్టలు. ఆ పొద్దున అతను తిప్పినవి, నేను తిప్పినవి.

"నీ పులికి గిట్టలుండాయే" అన్నాడు కామందు. జీపు మనుషులు నవ్వారు. ఊరు నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ సమయంలో చిన్నల్లుడు మజ్జిగ కుండ ఎత్తుకుని వచ్చాడు.

"మా అన్న అబద్ధమాడే మనిషి కాదండీ. పోయినేడు దిబ్బల కాడ తిరిగింది, అప్పుడు చూసుంటాడు. ఈయేడు దిగలా. ఎండన పడొచ్చినారు, మజ్జిగ తాగండి."

వాళ్ళు తాగారు, వెళ్ళారు. నా మాట కూడా నిలబెట్టి పంపాడు. అంత మందిలో నాకు అప్పుడు కలిగింది కృతజ్ఞత కాదు. అది కూడా వాడే చేశాడే అన్న మంట.

సాయంత్రం నా భార్యను అడిగాను. "అడుగులు ఏమైనాయి?"

ఆమె చేట కింద పెట్టింది. "మరిది రోజూ తెల్లారే పోయి వేపమండతో ఊడస్తాడు. ఊడ్చిన గీతలు గూడా కనపడకుండా పైన ఎద్దుల్ని నడిపిస్తాడు. తుపాకీలోళ్ళకు జాడ తెలీకుండా. ఎన్నేళ్ళ నుంచో."

నేను నా ఎద్దుల వైపు చూశాను.

"నువ్వు గూడా తిప్పతావు గదా, నీ జతను. 'నా వొక్క జతతో అయ్యేది కాదొదినా, మా అన్న ఎద్దులు గూడా తొక్కితే చీమ జాడ గూడా మిగలదు' అంటాడు."

"నీకు తెలుసా ఇదంతా?"

"ఊరందరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలా?"

"నువ్వడగలా."

ఆ రోజు నేను అన్నం తినలేదు. ఊరంతా ఒక పని చేస్తున్నారు, నేనూ చేస్తున్నాను, నాకు తప్ప అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళు అతనికి పోటీ అనుకుని అతని పనికే కూలి చేశాను. నేను చూడాలని ఆరాటపడిన అడుగుల్ని నా ఎద్దులే తొక్కాయి. గొర్రెపిల్లకు బదులు అతను తన ఇంటి మేకపిల్లను ఆ పొద్దునే కాపరికి ఇచ్చేశాడని కూడా ఆమే చెప్పింది. మందను గట్టుకు ఆనించమన్నది నేనని కాపరి అతనికి చెప్పే ఉంటాడు. అతను నన్ను ఒక్క మాట అడగలేదు.

నాలుగు రోజులు పోయాక మా గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, నీకు చూడాలనుంటే చెప్పు. రేపు తెల్లారి నా కూడా రా. ఆయమ్మ వంతెన దాటే దినాలివి. కదలకుండా కూర్చుంటే చాలు, కనపడతది."

నా ప్రాణమంతా పోదామంది. నోరు మాత్రం, "నాకేం పని. చేను తడపాల" అంది.

స్తంభం మీది చెయ్యి తీశాడు. "సరేలే అన్నా. ఎప్పుడైనా" అన్నాడు.

మరునాడు నేను చేను తడపలేదు. గుమ్మంలో కూర్చుని అతను పోవడం చూశాను, రావడం చూశాను. వచ్చేటప్పుడు అతని నడకలో ఏదో ఉంది, గుడికి పోయొచ్చినవాడి మాదిరి. చూశాడని తెలిసింది. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. నేను అడగలేదు. నేను అడిగే మనిషిని కానని అతనికి తెలియాలి గదా అని కోపం తెచ్చుకున్నాను. మరో పిలుపుకు నాలుగేళ్ళు టైముంది అతనికి. నాకూ ఉంది.

అంతమాత్రాన మంచి చేయలేదని కాదు. పోయినేటి తుఫానుకు నా బావి ఒక పక్క ఒరిగిపోతే మూడు రోజులు మొలలోతు బురదలో నిలబడి రాళ్ళెత్తాడు. ఆ చలి ఛాతీకి పట్టింది, దగ్గు మళ్ళీ పూర్తిగా పోలేదు. "ఏముందన్నా, ఎండలొస్తే అదే పోతది" అనేవాడు. నా బావి నీళ్ళు తాగుతూ నేను ఇది రాస్తున్నాను. అతను బాగు చేసిన వైపు రాళ్ళు నేను పేర్చిన వైపు కంటే బాగా కుదిరాయి. రోజూ నీళ్ళు తోడేటప్పుడు కనిపిస్తాయి.

పన్నెండో రోజు కర్మ అయ్యాక కావలి నుంచి కట్టెల అడితి ఆయన వచ్చాడు. పరామర్శించి, కాసేపు కూర్చుని, అసలు మాట తీశాడు. బీడు కౌలుకిస్తే కంప తానే కొట్టించి సరుగుడు వేస్తానన్నాడు. "చిన్నల్లుడు లేడు గదమ్మా. ఇంక ఆ కంప ఎవురికోసం?" అన్నాడు. మరదలికి పిల్లలు లేరు. ఆమె గడప పక్కన కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"నాదేముంది. బావ పెద్దాయన. బావ ఎట్టా అంటే అట్టా" అంది.

అందరూ నా వైపు తిరిగారు. బీడు పోవాలని మందను గట్టుకు ఆనించినవాణ్ణి. ఇప్పుడు గొర్రె అక్కరలేదు, తుపాకీ అక్కరలేదు. ఊఁ అంటే చాలు.

"ఇవ్వం" అన్నాను.

"ఆలోచించుకోండి పెద్దాయనా, మంచి—"

"ఇవ్వమన్నా గదా."

మరదలు అప్పుడు తల ఎత్తింది. అడితి ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఇక్కడ ఆపితే మీరు నన్ను మంచివాడనుకుంటారు. ఇంటికి నడుస్తూ నేను అనుకున్నది వేరు. బీడు నిలిచింది, నిలిపింది నేను. రేపటి నుంచి ఊరేమంటుంది? చిన్నల్లుడి బీడు అనే అంటుంది. నేను పోయాక కూడా అదే అంటుంది. ఆ మంటతోనే మరునాడు మనుషుల్ని పెట్టి నా ముళ్ళకంచెను గట్టు దగ్గర నుంచి పది బారలు వెనక్కి జరిపించాను. ఆ పది బారల్లో సరుగుడు మొక్కలు పీకించాను. నావే, నేను కడవతో నీళ్ళు పోసినవే. ఈత మొక్కలు, కలివి మొక్కలు వాటంతట అవే రావాలి. వస్తాయి.

నా భార్య గట్టు మీద నిలబడి చూసింది. "ఏంది, నీగ్గూడా బీడు కావాల్సొచ్చిందా?"

"ఆఁ."

"పోటీనా?"

నేను వంగి ఇంకో మొక్క పీకాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

అతను పోయిన మరుసటి పొద్దు నుంచి ఇసక ఊడ్చే పని నేనే చేస్తున్నాను. ఎవరూ చెప్పలేదు. ఈసారి తెలిసి చేస్తున్నాను. ఎండలు ముదిరాయి, అది పడమటికి ఎక్కే దినాలు. చాలా పొద్దుల్లో ఇసకలో ఏమీ లేదు. వేపమండ పట్టుకుని వెళ్ళి, నక్కల జాడలు, కుందేళ్ళ జాడలు ఊడ్చి వచ్చాను.

నాలుగు రోజుల కింద, తెల్లవారుతుండగా, అడుగులు కనిపించాయి. నా పళ్ళెంలో ఇడ్లీ అంత గుండ్రం, గోళ్ళ గుర్తు లేదు. ఒకదాని ముందు ఒకటి, దారం పట్టినట్టు. దిబ్బల వైపు నుంచి వచ్చి, బండిదారి దాటి, బీడు వెంట రైలు వంతెన వైపు పోయాయి. గట్టు మీద కూర్చున్నాను. ఆ తర్వాత లేచి వాటి పక్కనే నడిచాను. అన్నీ అతని వైపే. నేను పది బారలు వదిలాను, చదును చేసి వదిలాను, అడ్డం లేదు, ముల్లు లేదు. అది గట్టుకు అవతలే, అతని నేలలోనే, అలవాటుగా పోయింది. ఒక్కచోట, గట్టు తెగి పల్లంగా ఉన్నచోట, ఎందుకు ఆగిందో ఆగింది. అక్కడ ఒకే ఒక్క ముందరి కాలి అడుగు నా వైపు పడింది. తర్వాతి అడుగు మళ్ళీ అవతలే.

వెలుగొస్తోంది. కాసేపట్లో బండ్లు వస్తాయి. బండిదారి మీదివి ఊడ్చాను. గట్టు అవతలివి ఊడ్చాను. ఇవతలిదాని దగ్గరికి వచ్చి వంగాను. ఎద్దులు రెండూ వెనక నిలబడి, ఎప్పుడు తోలుతానా అని చూస్తున్నాయి. దూరంగా వంతెన మీద పొద్దుటి రైలు పోతోంది. మండ చేతిలోనే ఉంది. దాన్ని ఆ ఒక్క అడుగు మీద ఆనించలేక, వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను.